ఒకే టైప్-సి ఛార్జర్ అన్నింటికీ ఎందుకు సరిపోవడం లేదు?

చంద్రగిరి నుంచి మీరు అడిగిన విషయం క్లుప్తంగా ఇది. మీ అమ్మాయి తిరుపతిలో హాస్టల్లో చేరింది. గదిలో ఆమె వాటాకు ఒక్కటే ప్లగ్ పాయింటు వచ్చింది కాబట్టి, ల్యాప్‌టాప్‌కూ ఫోనుకూ నెక్‌బ్యాండ్‌కూ కలిపి, రెండు టైప్-సి పోర్టులున్న 65 వాట్ల ఛార్జర్ ఒకటి కొనిచ్చారు. ఇప్పుడేమో ల్యాప్‌టాప్ తెర మీద 'స్లో ఛార్జర్' అని హెచ్చరిక వస్తోంది. తన సొంత 80 వాట్ల ఛార్జర్‌తో అరగంట పైచిలుకులో నిండే ఫోను దీంతో దాదాపు రెండు గంటలు తీసుకుంటోంది. నెక్‌బ్యాండ్‌కు ఛార్జే ఎక్కడం లేదు. ఇంట్లో మీ శామ్‌సంగ్ ఫోనుకు పెట్టి చూస్తే 'ఫాస్ట్' అని వస్తోంది తప్ప 'సూపర్ ఫాస్ట్' అని రావడం లేదు. ఛార్జర్ చెడిపోయిందా, అమ్మినవాళ్లు మోసం చేశారా, కరెంటు లేనప్పుడు ల్యాప్‌టాప్‌ను పవర్ బ్యాంకుతో నడపవచ్చా అని అడిగారు.

మొదట మీ ఆందోళన తీరుస్తాను. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఛార్జర్ చెడిపోలేదు, మోసం జరిగినట్టు కూడా కనబడటం లేదు. మీ నాలుగు ఇబ్బందులకూ నాలుగు వేరువేరు కారణాలున్నాయి. వాటిలో ఒకటి మాత్రం నిజంగా తయారీ లోపమే, అయితే ఆ లోపం ఉన్నది ఛార్జర్‌లో కాదు, నెక్‌బ్యాండ్‌లో. గాంధీ రోడ్డు పక్క సందులో ఇరవై ఏళ్లకు పైగా సెల్‌ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ బాగుచేస్తున్నాను. కొండ దిగి ఊరికి బయలుదేరుతూ, 'ఎవరి ఛార్జర్ పెట్టినా ఎక్కడం లేదు' అంటూ ఫోను చేత్తో పట్టుకుని లోపలికి వచ్చే యాత్రికులు నాకు రోజూ కనబడతారు. వాళ్లకు నిలబెట్టి చెప్పలేని సంగతులను మీకు కాస్త వివరంగా రాస్తాను.

టైప్-సి అన్నది 2014లో ప్రమాణంగా వచ్చిన ఒక కనెక్టర్ పేరు. అందులో 24 పిన్నులు ఉంటాయి, ఎటు తిప్పి పెట్టినా పడుతుంది. ఆ రంధ్రం గుండా ఎంత కరెంటు వెళ్లాలో ఆ ఆకారం చెప్పదు. దాన్ని తేల్చేది యూఎస్‌బీ పవర్ డెలివరీ అనే మరో ప్రమాణం, వాడుకలో పీడీ అంటాం. అందులో 5, 9, 15, 20 వోల్టులనే స్థిరమైన మెట్లున్నాయి. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి కాబట్టి, 20 వోల్టుల దగ్గర 5 ఆంపియర్ల వరకు, అంటే 100 వాట్ల వరకు ఇవ్వవచ్చు. 2021లో వచ్చిన పీడీ 3.1 దాని మీద 28, 36, 48 వోల్టుల మెట్లు కలిపి హద్దును 240 వాట్లకు పెంచింది గానీ, మీ ఇంట్లో ఉన్న వస్తువులకు ఆ పై మెట్లతో పని లేదు.

ఇక్కడ గమనించవలసిన ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఈ మెట్లలో ఏది ఎక్కాలన్నది ఛార్జరూ, వస్తువూ బేరం ఆడుకుని కుదుర్చుకుంటాయి. టైప్-సి ఛార్జర్‌ను గోడకు పెట్టగానే దాని పోర్టులోకి కరెంటు రాదు. రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్ తగిలించి, అవతలి చివర ఏదో వస్తువు ఉందని సీసీ అనే సన్నటి తీగ ద్వారా తెలిశాకే అది 5 వోల్టులు వదులుతుంది. ఆ తర్వాత తన దగ్గర ఏయే వోల్టేజీలు, ఎన్నెన్ని ఆంపియర్లతో ఉన్నాయో అదే తీగ మీద జాబితాగా పంపుతుంది. ల్యాప్‌టాప్ అందులోంచి తనకు కావలసింది అడుగుతుంది, ఛార్జర్ సరేనన్న తర్వాతే వోల్టేజీ పెరుగుతుంది. నా బల్ల మీద వేలెడంత మీటరు ఒకటుంది. దాన్ని ఛార్జర్‌కూ కేబుల్‌కూ మధ్య పెట్టి ల్యాప్‌టాప్‌కు కలిపితే, తెర మీద ముందు 5.1 అన్న అంకె కనబడి, రెప్పపాటులో 20 దగ్గరకు ఎగబాకుతుంది. అక్కడికి ఎక్కకుండా 5 దగ్గరే కూర్చుంటే బేరం కుదరలేదని అర్థం. ఈ ఒక్క మీటరు నాకు ఎన్నో బోర్డులు అనవసరంగా విప్పే పని తప్పించింది.

మీ ల్యాప్‌టాప్ సంగతి ఇప్పుడు చూద్దాం. ఛార్జర్ మీద సన్నని అక్షరాల్లో ముద్రించిన వరుసలను భూతద్దంతోనైనా సరే చదవండి, లేదా ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. 65 వాట్లన్నది చాలా ఛార్జర్లలో ఒక్క పోర్టు వాడినప్పటి మాట. రెండూ వాడితే 45, 20 వాట్లుగా విడిపోతుందని అక్కడే కింది వరుసలో రాసి ఉంటుంది. ల్యాప్‌టాప్ 65 వాట్లు కోరుకునేదైతే, 45 వచ్చినప్పుడు 'స్లో ఛార్జర్' అనక తప్పదు. పైగా రెండో పోర్టులో ఏదైనా పెట్టిన క్షణంలో ఛార్జర్ మొదటి బేరాన్ని రద్దు చేసి మళ్లీ మొదలుపెడుతుంది. నా మీటరులో అంకె ఒక్కసారి సున్నాకు పడి, తిరిగి 20 వోల్టులకు వచ్చి, ఈసారి 2.25 ఆంపియర్ల దగ్గర ఆగడం స్పష్టంగా కనబడుతుంది. ల్యాప్‌టాప్ ఛార్జింగ్ గుర్తు ఒకసారి ఆరిపోయి వెలుగుతోందని అమ్మాయి చెబితే, అది లోపం కాదని ఆమెకు చెప్పండి.

రెండో పోర్టు ఖాళీగా ఉన్నా ఆ హెచ్చరిక వస్తుంటే, అప్పుడు అనుమానించవలసింది కేబుల్‌ను. ఇది చాలామందికి తెలియదు, తెలియక మంచి ఛార్జర్లను పారేస్తున్నారు. రెండు వైపులా టైప్-సి ఉన్న మామూలు కేబుల్ 3 ఆంపియర్లకే లెక్క. అంతకు మించి 5 ఆంపియర్లు మోయాలంటే కేబుల్ తలలో ఈ-మార్కర్ అనే చిన్న చిప్ ఉండాలి. నేను 5 ఆంపియర్లు మోయగలనని ఆ చిప్ చెబితే తప్ప ఛార్జర్ 3 దాటి ఇవ్వదు. 65 వాట్లంటే 20 వోల్టుల దగ్గర 3.25 ఆంపియర్లు. ఆ పావు ఆంపియరు కోసమే చిప్ ఉన్న కేబుల్ కావాలి, అది లేకపోతే మీ 65 వాట్ల ఛార్జర్ 60 వాట్లనే ఇస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లు 60తో సర్దుకుంటాయి, కొన్ని హెచ్చరిక చూపుతాయి. కాబట్టి కేబుల్ కొనేటప్పుడు 100 లేదా 240 వాట్లు అని రాసి ఉన్నదే తీసుకోండి. అయితే 240 వాట్ల కేబుల్ డేటాను కూడా వేగంగా పంపుతుందని అనుకోవద్దు. వాటిలో చాలావరకు సెకనుకు 480 మెగాబిట్ల పాత యూఎస్‌బీ 2.0 వేగంతోనే నడుస్తాయి, ఆ రెండు గుణాలకూ సంబంధం లేదు.

కేబుల్ పొడవు గురించి కూడా ఒక మాట చెప్పాలి. గోడ నుంచి మంచం దాకా అందాలని మూడు మీటర్ల సన్నటి కేబుళ్లు కొంటుంటారు. తీగలో పోయే శక్తి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 15 వాట్లను 5 వోల్టులతో పంపితే 3 ఆంపియర్లు పారాలి, అదే 15 వాట్లను 20 వోల్టులతో పంపితే ముప్పాతిక ఆంపియరు చాలు. ఆంపియర్లు నాలుగో వంతు అయ్యాయి కాబట్టి తీగలో వేడిగా పోయేది పదహారో వంతు అవుతుంది. పీడీ వోల్టేజీని పెంచే దారి పట్టడానికి కారణం ఇదే. సన్నటి పొడవాటి తీగతో 5 వోల్టుల మీద ఛార్జ్ చేస్తే నష్టం ఎక్కువ కావడానికీ కారణం ఇదే. మీటరు, మీటరున్నర పొడవు దాటకండి.

80 వాట్ల ఫోను విషయంలో ఛార్జర్ తప్పు గానీ ఫోను తప్పు గానీ లేదు. ఆ రెండింటికీ ఒకరి భాష మరొకరికి రాదు, అంతే. పీడీ స్థిరపడక ముందే ఫోను సంస్థలు ఎవరి దారి వాళ్లు చూసుకున్నాయి. క్వాల్‌కామ్ తన క్విక్ ఛార్జ్ పద్ధతిలో డేటా తీగల మీద వోల్టేజీ అడిగే ఏర్పాటు చేసి, నాలుగో తరం నుంచి పీడీతో కలిసింది. ఒప్పో 2014లో తెచ్చిన వూక్ పద్ధతి మరో దారి పట్టింది. వోల్టేజీ తక్కువగా ఉంచి ఆంపియర్లు బాగా పెంచితే, వోల్టేజీ మార్పిడి వల్ల పుట్టే వేడి ఫోనులో కాకుండా గోడ దగ్గరి ఛార్జర్‌లోనే ఉండిపోతుందన్నది దాని ఆలోచన. తర్వాత వచ్చిన 65 వాట్ల సూపర్‌వూక్ 10 వోల్టులు, 6.5 ఆంపియర్లతో నడుస్తుంది. పీడీ ప్రమాణంలో కేబుల్ హద్దు 5 ఆంపియర్లే కాబట్టి, 6.5 మోయడానికి ఆ సంస్థ తన సొంత కేబుల్, సొంత ఛార్జర్ రెండూ ఉండాలంటుంది. మీ అమ్మాయి ఫోను ఇలాంటి కుటుంబానికి చెందినదే. దాని సొంత భాష తెలియని ఛార్జర్ ఎదురైతే, ఇద్దరికీ వచ్చిన తక్కువ మెట్టుకు అది దిగివస్తుంది. 9 వోల్టులు, 2 ఆంపియర్ల దగ్గర ఆగితే వచ్చేది 18 వాట్లు, అప్పుడు రెండు గంటలు పట్టడం సహజమే. అదే కారణంగా ఆ 80 వాట్ల ఛార్జర్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టి చూసినా సాధారణంగా ప్రయోజనం ఉండదు. పాత పెద్ద రంధ్రం, అంటే టైప్-ఎ పోర్టు ఉన్న ఛార్జర్‌లో సీసీ తీగే ఉండదు కాబట్టి పీడీ బేరం మొదలు కూడా కాదు.

అయినా ఆ 80 వాట్లన్న అంకె మొదటి కొన్ని నిమిషాలదే. లిథియం బ్యాటరీని ముందు నిలకడైన కరెంటుతో నింపుతారు, సెల్ వోల్టేజీ పైహద్దుకు చేరాక ఆ వోల్టేజీ దగ్గరే పట్టి ఉంచి కరెంటును క్రమంగా తగ్గిస్తారు. అందుకే చివరి ఇరవై శాతం ఏ ఛార్జర్‌తోనైనా నెమ్మదిగానే నిండుతుంది. మన తిరుపతి మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున, రేకుల కప్పు కింద పెట్టిన ఫోను వేడెక్కి తనంతట తానే కరెంటు తగ్గించేసుకుంటుంది. ఎండాకాలంలో 'ఛార్జర్ పాడైంది' అంటూ నా దగ్గరకు వచ్చేవాటిలో చాలా కేసులు అవే. రాత్రి నిద్రపోయే ముందు ఛార్జ్ పెట్టే అలవాటు ఉన్న అమ్మాయికి 18 వాట్లు ధారాళంగా సరిపోతాయి. తొందర ఉన్న రోజుకు ఆ పాత ఛార్జర్‌ను ఆమె పెట్టెలో ఉంచండి.

మీ శామ్‌సంగ్ ఫోను సంగతి ఇంకొంచెం సూక్ష్మమైనది. అది పీడీ భాష మాట్లాడుతుంది గానీ, 'సూపర్ ఫాస్ట్' అనాలంటే పీడీలో 2017లో చేర్చిన పీపీఎస్ అనే భాగం కూడా ఛార్జర్‌లో ఉండాలి. మామూలు పీడీలో 9 వోల్టుల తర్వాత 15కే ఎక్కగలం. పీపీఎస్‌లో ఫోను 20 మిల్లీవోల్టుల చొప్పున సన్నసన్నగా వోల్టేజీని సవరించమని అడుగుతూ పోవచ్చు. బ్యాటరీకి ఆ క్షణంలో కావలసినదానికి సరిగ్గా తగిన వోల్టేజీ బయటి నుంచే వస్తే, ఫోను లోపల మార్పిడి తగ్గుతుంది, దాంతో వేడి కూడా తగ్గుతుంది. ఒప్పో సొంత కేబుల్‌తో సాధించిన దాన్ని పీపీఎస్ అందరికీ ఉమ్మడి పద్ధతిలో సాధించిందని చెప్పవచ్చు, నా దృష్టిలో గత పదేళ్లలో ఛార్జింగ్‌లో వచ్చిన మంచి మార్పు ఇదే. మీ ఛార్జర్ మీద పీపీఎస్ అన్న మాట, దాని పక్కన 3.3 నుంచి 11 వోల్టులు, 3 ఆంపియర్లు అని కనబడితే 25 వాట్ల సూపర్ ఫాస్ట్ రావాలి. 45 వాట్లు తీసుకునే ఫోనులకైతే 5 ఆంపియర్ల పీపీఎస్‌తో పాటు చిప్ ఉన్న కేబుల్ కూడా కావాలి. ఆ మాటే లేకపోతే మీ ఛార్జర్‌కు ఆ విద్య లేదని అర్థం, ఫోను 'ఫాస్ట్' దగ్గరే ఆగుతుంది.

నెక్‌బ్యాండ్ దగ్గర మాత్రం నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే అది ఎంతో చిన్న లోపం. టైప్-సి రంధ్రం ఉన్న వస్తువు, కేబుల్ అవతల నేను ఉన్నానని చెప్పుకోవడానికి రెండు సీసీ పిన్నుల దగ్గరా ఒక్కొక్కటి చొప్పున 5.1 కిలో ఓముల రెసిస్టర్లు, అంటే కరెంటుకు కొంత అడ్డుపడే చిన్న భాగాలు, పెట్టుకోవాలి. ఎటు తిప్పి పెట్టినా పనిచేయాలి కాబట్టి రెండు కావాలి. అవి లేకపోతే టైప్-సి ఛార్జర్‌కు అవతల ఎవరూ ఉన్నట్టు తెలియదు, తెలియనంతవరకు అది కరెంటు వదలదు. పాత టైప్-ఎ ఛార్జర్‌లో 5 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి, పెట్టెలో ఇచ్చిన ఎ-నుంచి-సి కేబుల్‌తో మాత్రం అదే వస్తువు చక్కగా ఛార్జ్ అవుతుంది. కొన్నవాళ్లు సహజంగానే కొత్త ఛార్జర్‌ను నిందిస్తారు.

గత వేసవిలో ఒకాయన గడ్డం తీసుకునే ట్రిమ్మర్ తెచ్చారు, మీ నెక్‌బ్యాండ్ లక్షణాలే. విప్పి మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను. బోర్డు మీద పోర్టు పక్కనే ఆ రెండు రెసిస్టర్లకు చోటు గీసి ఉంది, టంకం పూయడానికి రాగి మచ్చలు కూడా మెరుస్తున్నాయి, కానీ వాటి మీద ఏమీ అంటించలేదు. డిజైన్ చేసినవారికి తెలుసు, తయారుచేసినచోట వదిలేశారు. పాత బోర్డు ఒకదాని నుంచి నూక గింజ కన్నా చిన్నవైన రెండు రెసిస్టర్లు పట్టకారుతో తీసి, ఊపిరి బిగపట్టి ఆ మచ్చల మీద అంటించాను. తర్వాత సి-నుంచి-సి కేబుల్ పెట్టగానే ఎర్ర దీపం వెలిగింది. ఈ పొరపాటు చౌక వస్తువులకే పరిమితం కాదు. 2019లో వచ్చిన రాస్ప్‌బెరీ పై 4 కంప్యూటర్ బోర్డు మొదటి కూర్పులో రెండు సీసీ పిన్నులకూ కలిపి ఒకే రెసిస్టర్ పెట్టడంతో, ఈ-మార్కర్ ఉన్న మంచి కేబుళ్లతోనే అది పనిచేయలేదు, తర్వాతి కూర్పులో సరిచేశారు. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబర్ 28 నుంచి ఫోనులతో పాటు ఇయర్‌బడ్స్, హెడ్‌ఫోన్లకు కూడా టైప్-సిని తప్పనిసరి చేసింది, మన దేశంలో బీఐఎస్, అంటే భారతీయ ప్రమాణాల సంస్థ, కూడా టైప్-సికి భారతీయ ప్రమాణాన్ని ప్రకటించింది. కాబట్టి రాబోయే వస్తువుల్లో ఈ లోపం తగ్గుతుందని ఆశిస్తున్నాను.

మీ నెక్‌బ్యాండ్‌ను విప్పించవద్దు, పక్కనే లిథియం సెల్ ఉండే ఇరుకు చోట టంకం పెట్టడం అవసరం లేని సాహసం. ఇంతకన్నా తేలిక మార్గముంది. ల్యాప్‌టాప్ పక్కనున్న టైప్-ఎ పోర్టుకు, పెట్టెలో వచ్చిన ఎ-నుంచి-సి కేబుల్‌తో నెక్‌బ్యాండ్‌ను కలపమనండి. దానికి కావలసిన కాస్త కరెంటు అక్కడే దొరుకుతుంది, ఛార్జర్ రెండో పోర్టు ఖాళీగా ఉంటుంది కాబట్టి ల్యాప్‌టాప్‌కు పూర్తి 65 వాట్లూ అందుతాయి. ల్యాప్‌టాప్ దగ్గర లేనప్పుడు, పెన్‌డ్రైవ్‌ను ఫోనుకు కలపడానికి వాడే ఓటీజీ అడాప్టర్‌ను ఛార్జర్‌కు తగిలించి, దానికి ఈ కేబుల్ పెట్టవచ్చు. నెక్‌బ్యాండ్‌లో లేని రెసిస్టర్ ఆ అడాప్టర్‌లో ఉంటుంది కాబట్టి ఛార్జర్ 5 వోల్టులు ఇస్తుంది.

65 వాట్ల ఛార్జర్ చిన్న నెక్‌బ్యాండ్‌ను కాల్చేస్తుందేమోనని మీరు భయపడనవసరం లేదు. వాట్లు ఛార్జర్ ఇవ్వగలిగిన హద్దు మాత్రమే. మిద్దె మీద ట్యాంకు ఎంత పెద్దదైనా, కుళాయి తిప్పినంత మేరకే బిందెలోకి నీళ్లు వస్తాయి, ఇక్కడ కుళాయి తిప్పేది వస్తువు. అడగనిదే 5 వోల్టులు దాటి రావు. భయపడవలసింది నాసిరకం కేబుళ్లకు. ఎ-నుంచి-సి కేబుల్‌లో 56 కిలో ఓముల రెసిస్టర్ ఉండాలి. దాని బదులు 10 కిలో ఓములది పెడితే, అవతల 3 ఆంపియర్ల ఛార్జర్ ఉందని ఫోనుకు తప్పుడు కబురు అందుతుంది, ఫోను అంత లాగబోయి పాత ఛార్జర్‌నో కంప్యూటర్ పోర్టునో దెబ్బతీస్తుంది. గూగుల్ ఇంజనీరు బెన్సన్ లియుంగ్ 2015లో ఆన్‌లైన్‌లో దొరికే కేబుళ్లను ఒక్కొక్కటిగా పరీక్షించి ఈ తప్పును బయటపెట్టారు. తర్వాతి ఏడాది తీగలు తారుమారుగా అతికిన ఒక కేబుల్ వల్ల ఆయన పరీక్షకు వాడే ల్యాప్‌టాప్ పోర్టులే కాలిపోయాయి. ఛార్జర్ మీద బీఐఎస్ గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే 8 అంకెల సంఖ్య ఉంటుంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ సంస్థ పేరిట నమోదైందో కనబడుతుంది, పెట్టె మీద పేరుతో అది సరిపోలాలి.

ఇక పవర్ బ్యాంకు. 2022లో మన తిరుపతిలోనే లిథియం సెల్స్ ఫ్యాక్టరీ మొదలైంది, పవర్ బ్యాంకుల్లో వాడే 10 ఆంపియర్ అవర్ల సెల్స్ అక్కడ తయారయ్యేవి. అలాంటి ఒక సెల్, అంటే 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉండే పవర్ బ్యాంకు, 3.7 వోల్టుల లెక్కన దాచుకునేది 37 వాట్ అవర్లు. మార్పిడిలో కొంత పోగా మిగిలింది, 50 వాట్ అవర్ల ల్యాప్‌టాప్ బ్యాటరీని సగానికి కాస్త పైగా నింపుతుందేమో, అంతే. అదీ పవర్ బ్యాంకు మీద 20 వోల్టుల వరుస రాసి ఉంటేనే. 22.5 వాట్లు అని రాసి ఉండే చౌక పవర్ బ్యాంకులు సాధారణంగా 12 వోల్టులు దాటవు, వాటిని ల్యాప్‌టాప్ చాలాసార్లు ఒప్పుకోదు. ఆ అవసరానికి 20,000 ఎంఏహెచ్, 65 వాట్ల పీడీ ఉన్నది చూడండి. అది 74 వాట్ అవర్లు కాబట్టి, విమానంలో అనుమతి అడగకుండా చేతి సంచిలో తీసుకెళ్లగల 100 హద్దు లోపలే ఉంటుంది.

ఈ శనివారం అమ్మాయి ఇంటికి వచ్చినప్పుడు, రెండో పోర్టులో ఏమీ లేకుండా, ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఛార్జర్ కేబుల్ విడదీయగలిగేదైతే ఆ కేబుల్‌తోనే, ఈ కొత్త ఛార్జర్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపి పది నిమిషాలు ఉంచి చూడండి. హెచ్చరిక మాయమైతే 100 వాట్ల కేబుల్ ఒక్కటి కొంటే చాలు. ఆ కేబుల్‌తో కూడా హెచ్చరిక వస్తే ఛార్జర్ వెనుక వరుసలను ఫొటో తీసి పంపండి, 20 వోల్టుల పక్కన ఎన్ని ఆంపియర్లు రాసి ఉన్నాయో చూసి చెబుతాను.